ప్రణాళిక ఉన్నా అమలు జరగడం లేదంటే ముందుగా చూడవలసినవి: నగదు, యంత్రాల సమయం, ఎండీ గారి రోజు

విడిభాగాలు తయారుచేసే, 160 మంది పనిచేసే ఒక సంస్థలో మీరు జనరల్ మేనేజరుగా చేరి 14 నెలలైందని రాశారు. మూడేళ్లుగా అమ్మకాలు ఏటా సుమారు 25 శాతం పెరుగుతున్నా జీతాల తేదీ దగ్గరపడేసరికి ప్రతి నెలా ఓవర్‌డ్రాఫ్టు (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకోవడానికి బ్యాంకు ఇచ్చే అప్పు) వైపే చూడవలసి వస్తోందని, అమ్మకాలలో 45 శాతం ఒక్క కస్టమరుకే వెళుతోందని, ఏటా కన్సల్టెంట్ల సాయంతో చక్కని వ్యూహ పత్రం తయారవుతున్నా అందులోని 22 లక్ష్యాలలో నాలుగైదు కూడా పూర్తి కావడం లేదని, చిన్నదానికీ పెద్దదానికీ ఎండీ గారి సంతకమే కావలసి వస్తోందని, ఆరు నెలల తేడాలో ఇద్దరు మంచి మేనేజర్లు రాజీనామా చేశారని చెప్పి, చివరకు ఒకే ప్రశ్న అడిగారు: మా సంస్థలో అమలు సామర్థ్యాన్ని ఎలా పెంచుకోవాలి? ఈ మాటలన్నీ ఎండీ గారికి ఎలా చెప్పాలో తెలియడం లేదని కూడా రాశారు. తయారీ సంస్థలలో 27 ఏళ్లు, అందులో చివరి 11 ఏళ్లు మొత్తం నిర్వహణ బాధ్యతలో గడిపినవాడిగా నాకు తోచినది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయంలో మీతో విభేదిస్తాను. మీ సమస్య అమలులో ఉందని నేను అనుకోవడం లేదు. 22 లక్ష్యాలున్న పత్రం అంటే ప్రతి విభాగాధిపతి కోరినదాన్నీ ఎవరూ నొచ్చుకోకుండా ఒకచోట చేర్చి రాసిన పత్రం. వ్యూహం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఒకటే: ఉన్న డబ్బును, మనుషులను, యంత్రాల సమయాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం, అందుకోసం దేన్ని వదులుకుంటున్నామో పేరు పెట్టి చెప్పడం. మీరు వివరించిన పత్రంలో ఆ రెండో సగం ఎక్కడా లేదు. వదులుకోవలసినవాటిని పైవాళ్లు కాగితం మీద తేల్చకపోతే అవి షాప్ ఫ్లోర్ మీద, అంటే యంత్రాలు నడిచేచోట, వాటంతటవే తేలతాయి. ఏ కస్టమరు ఉదయాన్నే ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఆ ఆర్డరు ముందుకు జరుగుతుంది, ఏ సరఫరాదారు మొహమాటస్థుడైతే అతని బిల్లు వెనక్కు పోతుంది. ఇది కూడా ఎంపికే. కాకపోతే దాన్ని ఎవరూ ఆలోచించి చేయలేదు.

కంప్యూటరు చిప్‌లు తయారుచేసే ఇంటెల్ చరిత్రలో జరిగిన ఒక విషయం ఇక్కడ ఉపయోగపడుతుంది. 1968లో మొదలైన ఆ సంస్థ మొదట పేరు తెచ్చుకున్నది మెమరీ చిప్‌లతో. 1980ల తొలి భాగంలో జపాన్ సంస్థలు నాణ్యమైన మెమరీని తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టాక ఆ వ్యాపారంలో డబ్బు మిగలకుండా పోయింది. 1985లో అప్పటి ప్రెసిడెంటు ఆండీ గ్రోవ్, ఛైర్మన్ గోర్డన్ మూర్‌తో మాట్లాడుతూ, బోర్డు మనిద్దరినీ పంపించి కొత్త అధిపతిని తెస్తే అతను ముందుగా ఏం చేస్తాడని అడిగారు. మెమరీ నుంచి బయటకు వస్తాడని మూర్ చెప్పారు. ఆ పని మనమే ఎందుకు చేయకూడదని ఇద్దరూ అనుకుని అలాగే చేశారు. ఈ సంభాషణ చాలామందికి తెలిసినదే. అంతగా ప్రచారంలో లేని భాగమే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. పైస్థాయిలో ఆ నిర్ణయం జరగడానికి ఎంతో ముందు నుంచే, ఒక్కో సిలికాన్ వేఫరు (చిప్‌లు తయారయ్యే పలుచని పలక) మీద ఎంత మార్జిన్ (ఖర్చు పోను మిగులు) వస్తోందో చూసి ఉత్పత్తి సామర్థ్యాన్ని కేటాయించాలన్న నియమం ప్రకారం, మధ్యస్థాయి మేనేజర్లు ఫ్యాక్టరీలను కొద్దికొద్దిగా మెమరీ నుంచి మైక్రోప్రాసెసర్ల (కంప్యూటరులో లెక్కలు నడిపే చిప్‌ల) వైపు మళ్లిస్తూ వచ్చారు. ప్రసంగాలలో ఇంటెల్ మెమరీ సంస్థగానే ఉంది. ఫ్యాక్టరీలో మాత్రం అప్పటికే సగం వదిలేసింది. అంత జరిగినా ఆ మార్పు బాధ లేకుండా పోలేదు. 1986లో సంస్థకు 17 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది, వేలమంది ఉద్యోగాలు కోల్పోయారు.

మీ సంస్థ అసలు వ్యూహం ఏమిటో తెలుసుకోవడానికి కూడా అదే దారి. వ్యూహ పత్రాన్ని పక్కన పెట్టి గత 12 నెలల యంత్రాల లాగ్ పుస్తకాలు, కొనుగోళ్ల జాబితా, ఎండీ గారి డైరీ, మీ సొంత డైరీ ముందు పెట్టుకోండి. ఏ కస్టమరుకు ఎన్ని గంటల యంత్ర సమయం వెళ్లింది, ఓవర్‌టైము ఎవరి ఆర్డర్ల కోసం పెట్టారు, సీనియర్ ఇంజినీర్ల రోజులు ఏ సమస్యల మీద ఖర్చయ్యాయి అన్నది నాలుగు పేజీలలో రాయించండి. నేను ఈ పని మూడు వేర్వేరు సంస్థలలో చేయించాను. మూడింటిలోనూ ప్రాధాన్యం అని పత్రంలో రాసుకున్నదానికి, నిజంగా సమయం పోసినదానికి పోలిక దాదాపు లేదు.

ఇక నగదు విషయం. మిగతావన్నీ సరిదిద్దుకోవడానికి కావలసిన వ్యవధి దీనివల్లే దొరుకుతుంది కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. అమ్మకాలు పెరుగుతున్నా చేతిలో డబ్బు ఆడకపోతే ఎక్కడో దుబారా జరుగుతోందని అనుమానించి, ఖర్చుల కోత మీద పడడం సాధారణంగా జరుగుతుంది. ఈ లెక్క చూడండి. ఏడాది అమ్మకం 1,200 అనుకుందాం, అంటే నెలకు 100. వస్తువు తయారీ ఖర్చు అమ్మకపు విలువలో 80 శాతం. ముడిసరుకు లోపలికి వచ్చిన రోజు నుంచి తయారైన సరుకు గేటు దాటేదాకా 60 రోజులు; బిల్లు ఇచ్చాక డబ్బు రావడానికి 90 రోజులు; మీరు సరఫరాదారులకు చెల్లించే గడువు 30 రోజులు. అరవైకి తొంభై కలిపి ముప్ఫై తీసేస్తే 120 రోజులు, అంటే నాలుగు నెలల ఖర్చు ఎప్పుడూ వ్యాపారంలోనే ఇరుక్కుని ఉంటుంది. నెలకు 80 చొప్పున అది 320. మరుసటి ఏడాది అమ్మకం 25 శాతం పెరిగి 1,500 అయితే నెల ఖర్చు 100కు, ఇరుక్కునే డబ్బు 400కు చేరుతుంది. కొత్తగా 80 సమకూర్చాలి. పైఖర్చులు (ఏ ఒక్క వస్తువుకూ నేరుగా చెందని ఖర్చులు), వడ్డీ, పన్ను అన్నీ పోను 5 శాతం మిగిలిందనుకున్నా ఆ ఏడాది లాభం 75. కొత్త యంత్రం ఒక్కటి కూడా కొనకుండా, యజమానులు పైసా తీసుకోకుండా, సంపాదించినదంతా పెరుగుదలకే పెట్టినా ఇంకా 5 తక్కువ పడుతుంది. ఆ లోటు పూడుస్తున్నదే మీ ఓవర్‌డ్రాఫ్టు. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ దుబారా చేయలేదు. మీరు ఎంచుకున్న వేగం, మీరు ఒప్పుకున్న గడువులు కలిసి ఈ ఫలితాన్నిచ్చాయి.

అదే లెక్కను తిరగేసి చూస్తే ఆశ కూడా కనిపిస్తుంది. 120 రోజులను 90కి తేగలిగితే ఇరుక్కునే డబ్బు 400 నుంచి 300కు దిగుతుంది. అంటే ఏడాది లాభం కంటే ఎక్కువ మొత్తం, ఒక్క కొత్త ఆర్డరు లేకుండా, బ్యాంకు మెట్లెక్కకుండా చేతికి వస్తుంది. మీ సంస్థ అసలు అంకెలు మీ ఫైనాన్స్ మేనేజరు దగ్గర ఉంటాయి. ఈ నమూనాలో వాటిని వేసి చూడడానికి అరగంట చాలు.

రోజులు ఎక్కడ తగ్గుతాయో చెప్పడానికి నా అనుభవంలోది ఒకటి చెబుతాను. ఒక సంస్థలో చేరిన కొత్తలో, 90 రోజులు దాటిన బాకీల జాబితా తెప్పించి, ఒక్కో బిల్లు పక్కన అది ఎందుకు ఆగిందో కస్టమరు మాటల్లోనే రాయమన్నాను. అకౌంట్స్ వాళ్లు అంతవరకు అందరికీ ఒకే కారణం రాస్తూ వచ్చారు: ఫాలో అప్ జరుగుతోంది. పది రోజులు కూర్చుని ఫోన్లు చేశాక తేలినది వేరు. ఆగిన బిల్లులలో సగానికి దగ్గరగా ఉన్నవాటిలో కస్టమరుకు డబ్బు కొరతా లేదు, కట్టకూడదన్న ఉద్దేశమూ లేదు. మన బిల్లు మీది పర్చేజ్ ఆర్డరు నంబరులో ఒక అంకె తేడా. డెలివరీ చలానా మీద వాళ్ల స్టోర్స్ ముద్ర లేకపోవడం. సవరించిన ధర ఆర్డరులో ఒకలా, బిల్లులో ఒకలా ఉండడం. తప్పు జరిగినది మన డిస్పాచ్ బల్ల దగ్గర, బుజ్జగింపులు జరుగుతున్నది అకౌంట్స్ గదిలో. లారీ బయలుదేరే ముందు మూడు వివరాలు సరిచూసి సంతకం చేసే పనిని డిస్పాచ్ క్లర్కుకు అప్పగించి, ఆ మూడు వివరాలను ఒక అట్ట మీద రాసి అతని ఎదుట గోడకు అంటించాం. రెండు త్రైమాసికాలు గడిచేసరికి బాకీల సగటు గడువు మూడు వారాలు తగ్గింది. ఏ వ్యూహ పత్రంలోనూ ఇలాంటి పని కనిపించదు.

దీనితోపాటు రాబోయే 13 వారాల నగదు అంచనాను ఒకే షీటు మీద తయారుచేయించి, ప్రతి సోమవారం ఎండీ గారు, ఫైనాన్స్ మేనేజరు, మీరు కలిసి చూడండి. ఏ వారం ఎంత వస్తుంది, ఎవరి నుంచి వస్తుంది, ఎంత పోతుంది అన్నంతవరకే అందులో ఉండాలి. మొదటి నెలలో అంచనా ఘోరంగా తప్పుతుంది. ఎందుకు తప్పిందో మాట్లాడుకోవడంలోనే ఆ షీటు విలువ ఉంటుంది కాబట్టి దాన్ని అప్పుడే వదిలేయకండి.

తరువాతది వస్తువుల సంఖ్య. మీ దగ్గర 400 రకాల విడిభాగాలున్నాయని, అన్నింటి మీదా మార్జిన్ బాగానే కనిపిస్తోందని రాశారు. ఆ మార్జిన్‌ను నమ్మకండి. చాలా సంస్థలలో పైఖర్చులను బరువును బట్టో, యూనిట్ల సంఖ్యను బట్టో, నేరుగా అయిన కార్మిక గంటలను బట్టో పంచుతారు. అలా పంచితే ఏడాదికి నాలుగుసార్లు, యాభై చొప్పున చేసే వస్తువు మీద పడే భారం నామమాత్రం; రోజూ వేల సంఖ్యలో చేసే వస్తువు మీద పడే భారం ఎక్కువ. యంత్రం దగ్గర నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. ఆపరేటరు పాత ఫిక్స్చరు (ముక్కను పట్టి ఉంచే బిగింపు) విప్పి, కొత్తది బిగించి, టూల్ మార్చి, మొదటి ముక్క తీసి క్వాలిటీ ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూసి, కొలత సరిపోక మళ్లీ సవరించి, రెండో ముక్క తీసి పంపుతాడు. నేను గడియారం పట్టుకుని నిలబడిన రోజున ఈ సెటప్‌కు, అంటే యంత్రాన్ని సిద్ధం చేయడానికి, 55 నిమిషాలు పట్టింది, ఆ తరువాత ఉత్పత్తి 20 నిమిషాలు నడిచింది. ఆ 55 నిమిషాలూ వస్తువు ఖర్చు లెక్క వేసే షీటులో ఎక్కడా కనిపించలేదు. కాగితం మీద 30 శాతం మార్జిన్ చూపిస్తున్న ఆ వస్తువు నిజానికి మిగతా వస్తువుల సంపాదనను తింటోంది. అది అక్కడితో ఆగలేదు. దానికి ప్రత్యేకమైన ముడిసరుకు, స్టోర్స్‌లో ప్రత్యేకమైన అర, ప్రత్యేకమైన డ్రాయింగు, ఏటా ఒకసారి దాని గురించి వచ్చే ఫిర్యాదు, ఆ ఫిర్యాదు మీద ఒక ఇంజినీరు రెండు రోజులు.

సెటప్ సమయాన్ని తగ్గించే పద్ధతులు ఉన్నాయి. యంత్రం నడుస్తుండగానే చేయగలిగిన పనులను, యంత్రం ఆపితే తప్ప కుదరని పనులను వేరుచేసి, మొదటివాటిని ముందే సిద్ధం చేసుకోవడం వాటిలో ముఖ్యమైనది. జపాన్ ఇంజినీరు షిగెయో షింగో దీన్ని ఒక క్రమబద్ధమైన విధానంగా తీర్చిదిద్దారు, ప్రపంచమంతటా లోహపు రేకును అచ్చొత్తే ప్రెస్ షాపులలో అది వాడుకలోకి వచ్చింది. తప్పకుండా చేయించండి. కానీ దానికి ముందే జాబితాను కుదించాలి. మీరు మానేయవలసిన వస్తువును ఎంత వేగంగా తయారుచేసినా ప్రయోజనం తక్కువ.

డెన్మార్క్‌కు చెందిన బొమ్మల సంస్థ లెగో 2003, 2004 సంవత్సరాలలో వరుసగా భారీ నష్టాలు చూసి మునిగిపోయే స్థితికి వచ్చింది. థీమ్ పార్కులు, దుస్తులు, వీడియో గేములు అంటూ అన్ని వైపులా విస్తరించిన సంస్థ అది. మరోవైపు డిజైనర్లు కొత్త సెట్టు చేసిన ప్రతిసారీ కొత్త ఆకారపు ముక్కలు అడుగుతూ వచ్చారు. ప్రతి కొత్త ముక్కకూ ఖరీదైన మౌల్డు (అచ్చు) కావాలి, వేరే నిల్వ కావాలి. వేర్వేరు ముక్కల సంఖ్య 12,000 దాటింది. 2004 అక్టోబరులో సీఈఓగా వచ్చిన యోర్గెన్ విగ్ నుడ్‌స్టార్ప్ హయాంలో ఆ సంఖ్యను దాదాపు సగానికి తగ్గించారు, 2005లో లెగోల్యాండ్ పార్కులలో మెజారిటీ వాటాను అమ్మేశారు, కొత్త ముక్క కావాలంటే డిజైనరు గట్టి కారణం చూపవలసి వచ్చింది. ఆ సంస్థ తరువాతి దశాబ్దంలో ప్రపంచంలోని అతిపెద్ద బొమ్మల సంస్థలలో ఒకటిగా నిలబడింది. ఆ కోలుకోవడంలో కొత్త ఆలోచనలకు ఎంత పాత్ర ఉందో, మానేసిన పనులకూ అంతే పాత్ర ఉందని నా అభిప్రాయం.

మీరు 400 వస్తువులనూ నాలుగు గుంపులుగా విడదీయండి అని చెప్పను. అలాంటి పట్టికలు మీ కన్సల్టెంట్లు ఇప్పటికే ఇచ్చి ఉంటారు. చిన్న లాట్లలో, అంటే ఒకసారికి కొద్ది సంఖ్యలో, వెళ్లే 60 వస్తువులను తీసుకుని, వాటికి నిజమైన సెటప్ ఖర్చు కలిపి ధర వేసి, ఆ కస్టమర్లకు కొత్త ధర పంపండి. కొందరు ఒప్పుకుంటారు, అప్పుడు అది మంచి వ్యాపారమే. కొందరు ఏడాది అవసరాన్ని ఒకేసారి తీసుకుంటామంటారు, అదీ మంచిదే. ఒప్పుకోనివారు వెళ్లిపోతారు. వెళ్లిపోయేవారిని చూసి మీ సేల్స్ మేనేజరు తప్పకుండా ఆందోళన పడతారు, ఎందుకంటే అతని బోనసు మొత్తం అమ్మకం మీద ఆధారపడి ఉంది. ఆ బోనసు సూత్రాన్ని ముందే మార్చకపోతే ఈ పని మొదలైన నెలలోనే ఆగిపోతుంది.

బోనసుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అంకెను లక్ష్యంగా పెట్టి, దాన్ని చేరకపోతే ఉద్యోగానికే ముప్పు అన్న భయం కల్పిస్తే మనుషులు అంకెను తెచ్చి చూపిస్తారు. వ్యాపారం ఏమైపోతుందో వాళ్ల చేతిలో ఉండదు. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది రకాల సేవలు అమ్మాలన్న ఒత్తిడి కింద, సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా విధించాయి. అప్పటికి ఆ వ్యవహారంలో సుమారు 5,300 మందిని బ్యాంకు తొలగించింది. ఆ తరువాత 2020లో 300 కోట్ల డాలర్లు చెల్లించి నేర, సివిల్ దర్యాప్తులను పరిష్కరించుకోవలసి వచ్చింది. తొలగించినవారి సంఖ్య చూడండి. అన్ని వేలమంది ఒకే తప్పు చేశారంటే లోపం వాళ్ల స్వభావంలో కంటే వాళ్లకిచ్చిన లక్ష్యంలో ఎక్కువగా ఉందని ఒప్పుకోవాలి. మీ సంస్థలో నెలాఖరున చివరి నాలుగు రోజులలో సరుకు సగం బయటకు వెళుతోందని రాశారు. అక్కడ కూడా ఒక లక్ష్యం పని చేస్తోంది. ఆ నాలుగు రోజుల డిస్పాచ్‌లలో తిరిగి వచ్చిన సరుకు ఎంతో విడిగా లెక్క తీయించండి.

ఒక్క కస్టమరు మీద 45 శాతం ఆధారపడడం గురించి మీరు ఎక్కువగా భయపడుతున్నారు. ఆ భయం సరైనదే, కానీ దానికి తొందర పనికిరాదు. అతను రేపు వెళ్లిపోతాడన్న ప్రమాదం కంటే, అతను వెళ్లిపోతాడేమోనన్న భయంతో ఈరోజు మీరు ఒప్పుకుంటున్న షరతుల వల్ల జరుగుతున్న నష్టం పెద్దదని నాకనిపిస్తోంది. 90 రోజుల గడువు అతనిదే అయి ఉంటుంది. అర్జెంటు ఆర్డర్లూ అతనివే అయి ఉంటాయి. అతనితో మాట్లాడడానికి వెళ్లేటప్పుడు ధర పెంచమని అడగకండి. వచ్చే ఎనిమిది వారాల అవసరాన్ని ముందుగా తెలియజేసి, అందులో మొదటి మూడు వారాలను మార్చకుండా ఉంచమని అడగండి. అతనికి ఖర్చు లేని ఈ రాయితీ మీ నిల్వను, ఓవర్‌టైమును ఎంత తగ్గిస్తుందో లెక్క వేసుకుని వెళ్లండి. పెద్ద సంస్థల కొనుగోలు విభాగాలు ధర విషయంలో కదలవు కానీ ప్రణాళిక విషయంలో చాలాసార్లు కదులుతాయి. నేను అలా మూడుసార్లు ఒప్పించగలిగాను, ఒకసారి విఫలమయ్యాను. అతని వాటాను తగ్గించడం అన్నది మిగతావారికి అమ్మకం పెంచడం ద్వారా మూడు నాలుగేళ్లలో జరగవలసిన పని. దానికి ఒక మనిషిని పూర్తికాలం కేటాయించండి, అతనికి పాత కస్టమరు పనులు ఒక్కటి కూడా అప్పగించకండి.

ఇక అన్నింటికంటే కష్టమైన భాగం, ఎండీ గారి సంతకం. ఆయన స్థాపించిన సంస్థ అది. ప్రతి యంత్రం చప్పుడూ ఆయనకు తెలుసు. 30 మంది ఉన్నప్పుడు అన్ని నిర్ణయాలూ ఆయన తీసుకోవడం వల్లే సంస్థ నిలబడింది, అది మరచిపోకూడదు. 160 మంది అయ్యేసరికి అదే అలవాటు సంస్థ వేగానికి హద్దు అయింది. ఒకసారి ఒక ఎండీ గారి గదిలో, ఆయన అనుమతితోనే, ఒక మూల కూర్చుని రోజంతా ఆయన దగ్గరకు వచ్చిన ప్రతి విషయాన్నీ నోటు పుస్తకంలో రాశాను. సాయంత్రానికి 58 విషయాలు అయ్యాయి. ఒక గ్రైండింగ్ వీల్ కొనుగోలు, ఒక ఆపరేటరు సెలవు, ఒక కస్టమరుకు పంపవలసిన ఈమెయిలులో ఒక వాక్యం, ఒక కొత్త యంత్రం బేరం. రాత్రి ఇద్దరం కూర్చుని ఒక్కోదాని ఎదుట రెండు ప్రశ్నలు వేసుకున్నాం: ఇది తప్పయితే వారంలో సరిదిద్దుకోగలమా? సరిదిద్దుకోవడానికి అయ్యే ఖర్చు భరించగలిగినదేనా? 58లో 49కి రెండు జవాబులూ అవును. ఆ 49 ఎవరి దగ్గర తేలాలో ఆయన చేతనే పేర్లు రాయించాను. మిగిలిన తొమ్మిదింటికి ఆ వారంలో ఆయన అసలు సమయమే ఇవ్వలేకపోయారని ఆయనే చెప్పారు. ఎవరూ ఉపదేశం చేయలేదు. తన చేతిరాత తనకే ఆ మాట చెప్పింది.

అధికారం అప్పగించడంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నిర్ణయాన్ని అప్పగిస్తారు, కానీ నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని, డబ్బు పరిమితిని అప్పగించరు. అప్పుడు మేనేజరు మళ్లీ అడగడానికే వస్తాడు, ఎండీ గారు వీళ్లకు చొరవ లేదని అనుకుంటారు. ప్రొడక్షన్ మేనేజరు ఏ ఆర్డరు ముందు నడపాలో తానే తేల్చాలంటే ఏ ఆర్డరు మీద ఎంత మిగులుతుందో అతనికి తెలియాలి. మీ సంస్థలో ఆ మార్జిన్ అంకెలు రహస్యంగా ఉంచుతున్నారని మీరే రాశారు. మొదటి తప్పు నిర్ణయం జరిగిన రోజున ఏం చేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. ఆరోజు ఎండీ గారు అధికారం వెనక్కు తీసుకుంటే ఇంకెవరూ రెండో నిర్ణయం తీసుకోరు.

వెళ్లిపోయిన ఇద్దరు మేనేజర్ల గురించి నాకు తెలిసినది మీరు రాసిన రెండు వాక్యాలే. ఇద్దరూ మంచి ఇంజినీర్లని, మేనేజర్లయ్యాక కూడా యంత్రాల దగ్గరే ఎక్కువ సమయం గడిపేవారని అన్నారు. ఇది వాళ్ల లోపంగా చూడకండి. వాళ్లను పైకి తెచ్చినప్పుడు కొత్త పని ఏమిటో ఎవరూ చెప్పి ఉండరు. నిర్ణయాలన్నీ పైన జరిగేచోట మేనేజరుకు మిగిలేది సమాధానం చెప్పుకోవడం ఒక్కటే. సమర్థులు దాన్ని ఎక్కువకాలం భరించరు, వాళ్లే ముందు వెళ్లిపోతారు. ఇప్పుడున్నవారిలో మీరు పోగొట్టుకోకూడదనుకునే ముగ్గురితో ఈ నెలలోనే విడివిడిగా కూర్చుని, ఏ పని వాళ్ల చేతుల్లో లేనందువల్ల వాళ్లకు చిరాకు కలుగుతోందో అడగండి. జీతం గురించి కూడా చెబుతారు. కానీ మొదట చెప్పేది అది కాకపోవచ్చు.

నెలవారీ సమీక్ష నాలుగు గంటలు సాగుతోందన్నారు. ప్రతి విభాగాధిపతి తన స్లైడులు చదవడానికే ఆ సమయం పోతుంటే, అంకెలను రెండు రోజుల ముందే పంపించి, సమావేశంలో చదవడం మాన్పించండి. గత నెల ఏం నిర్ణయించాం, అది జరిగిందా, జరగకపోతే ఏది అడ్డుపడింది అన్న మూడు విషయాలకే సమయం ఇవ్వండి. గంటన్నర సరిపోతుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే మీరు కూడా 23వ లక్ష్యాన్ని చేర్చినవారవుతారు. మొదటి మూడు నెలలు నగదు షీటు, ఆగిన బిల్లులు. అంతకుమించి ఏమీ వద్దు. దానివల్ల చేతికి డబ్బూ, మీ మాటకు నమ్మకమూ వస్తాయి. తరువాతి మూడు నెలల్లో ఆ 60 వస్తువుల ధరలు, సేల్స్ బోనసు సూత్రం. నిర్ణయాల అప్పగింత ఆ తరువాత. ఈ క్రమం ఎందుకంటే, జీతాల తేదీ గురించి రాత్రి నిద్రపట్టని యజమానిని చేతిలోని పగ్గాలు వదలమని అడగడం న్యాయం కాదు, ఆయన వదలలేరు కూడా. 22 లక్ష్యాలలో ఈ ఏడాది చేపట్టనివి ఏవో మాత్రం ఇప్పుడే రాయించండి, వాటి బాధ్యులకు ఆ సంగతి స్పష్టంగా చెప్పండి. వాళ్లు తేలికపడడం మీకే కనిపిస్తుంది.

ఎండీ గారితో ఈ మాట ఎలా ఎత్తాలన్నదానికి నా సలహా ఇది. వ్యూహం అన్న మాట తీసుకురాకండి, అధికార వికేంద్రీకరణ అన్న మాట అసలే వద్దు. పైన చూపిన నగదు లెక్కలో మీ సంస్థ అంకెలు వేసి, ఒకే కాగితం మీద చేత్తో రాసి, ఆయన ఒంటరిగా ఉన్న సమయంలో ముందు పెట్టండి. వచ్చే ఏడాది కూడా 25 శాతం పెరిగితే ఓవర్‌డ్రాఫ్టు ఎంతకు చేరుతుందో చివరి వరుసలో ఉండాలి. ఆ వరుస దగ్గర మీరు ఆగిపోయి, ఆయన్ని మాట్లాడనివ్వండి. తరువాత ఏం జరిగిందో వీలైతే ఇక్కడే రాయండి. ఆయన అడిగే మొదటి ప్రశ్నను బట్టి మిగతా సంగతులు మాట్లాడుకోవచ్చు.